బొమ్మ జారిన ఆదివారం

ముప్పైయేళ్ళకు పైగా బడిపిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. అయినా కార్యాన్ని చూసి కారణాన్ని వెదకడమెలాగో నాకు నేర్పింది ఒక టీవీ పెట్టె. ఆ కథ చెప్పేముందు, ఆ పెట్టె మన ఇళ్ళకు వచ్చిన దారిని కొంచెం తలచుకోవాలి.

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. తెలుగు పల్లెలకు మాత్రం అవి ఆకాశంనుండే దిగివచ్చాయి. 1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ గ్రామాల పెట్టెలను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982 ఆసియా క్రీడల ఏడాది రంగులు వచ్చాయి. ఆ తరువాత చిన్న ప్రసార కేంద్రాలు ఊళ్ళకు విస్తరించాయి.

మా ఊరికి ప్రసార స్తంభం దూరం. కనుక డాబాలమీద పొడుగాటి ఇనుపగొట్టాలు, వాటి తలల మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నాలు లేచాయి. వాటి వెంట రోగాలూ వచ్చాయి. తెరనిండా చుక్కలు కురిస్తే సంకేతం చాలడం లేదని అర్థం. మనిషి పక్కన మరొక నీడమనిషి నిలబడితే, తరంగం తిన్నగా ఒకసారి, ఏ కొండకో మేడకో తగిలి ఆలస్యంగా మరొకసారి చేరుతున్నదని అర్థం. బొమ్మ అంచులు లోపలికి ముడుచుకుపోతే ఇంటి వోల్టేజి తగ్గినట్లు. అందుకే పెట్టె పక్కన స్టెబిలైజరు ఉండేది. తెర మధ్య ఒకే అడ్డగీత మిగిలితే, బొమ్మను నిలువుగా పరిచే భాగం చెడినట్లు. అది మెకానిక్ పని. పిక్చరు ట్యూబు వేల వోల్టులతో పనిచేసేది. స్విచ్చి తీసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచివుండేది.

అన్నిటికన్నా చిక్కైనది బొమ్మ జారిపోవడం. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్కటి 625 గీతలుగా వచ్చేవి. బొమ్మ ఎక్కడ మొదలవుతుందో తెలిపే సూచన సంకేతంలోనే ఉండేది. పెట్టె దానిని అందుకోలేకపోతే బొమ్మ పైకో కిందికో జారేది. వర్టికల్ హోల్డ్ తిప్పగానే నిలిస్తే దోషం పెట్టెది. చుక్కలతో కూడి జారితే దోషం పైనుండి వచ్చే సంకేతానిది.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. రామాయణం ధారావాహిక మొదలైన 1987లో నేనొక నలుపు-తెలుపు టీవీ కొన్నాను. ఆదివారం ఉదయం వీధి వీధంతా మా వసారాలోనే ఉండేది. ఒక వానాకాలం గడిచాక, సరిగ్గా ప్రసారసమయానికి చుక్కలు కురిసి బొమ్మ జారసాగింది. ముందురోజు సాయంత్రం నా తరగతి పిల్లవాడొకడు మా డాబామీద చిక్కిన గాలిపటం తీసుకుంటూ కనబడ్డాడు. యాంటెన్నా తిప్పింది వాడేనని నిశ్చయించుకొని, అందరి ఎదుటా మందలించాను.

“నేను ముట్టుకోలేదు మాస్టారూ” అన్నాడు వాడు. నేను వినలేదు. తల వంచుకొని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చిన మెకానిక్ పెట్టె మూత విప్పనేలేదు. తిన్నగా డాబా ఎక్కి, వైరు కడ్డీకి కలిసేచోట మర విప్పి చూపాడు. వానకు తడిసి రాగితీగ పచ్చగా చిలుము పట్టివుంది. చాకుతో గీకి బిగించగానే కింద బొమ్మ నిలిచింది.

“ముందు పైన చూడాలండీ, తరువాత వైరు, ఆఖరున పెట్టె” అన్నాడతను.

సోమవారం తరగతిలో, తప్పు నాదేనని అందరూ వినేటట్లు చెప్పాను. వాడు “పరవాలేదండీ” అన్నాడు. కాని తరువాతి ఆదివారం మా వసారాకు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

ఆ యాంటెన్నాలు డాబాలమీదినుండి ఎన్నడో దిగిపోయాయి. దూరదర్శన్ పాతపద్ధతి ప్రసారాలూ దాదాపుగా ఆగిపోయాయి. నేటి పలుచని తెర, సంకేతం అందకపోతే ఆ మాట తానే రాసి చూపిస్తుంది. పిల్లల విషయంలో అట్లా రాసి చూపేదేదీ లేదు. అందుకే ఆనాటినుండి పదవీవిరమణ దాకా, ఏ పిల్లవాడిమీద ఫిర్యాదు వచ్చినా, ఆ మెకానిక్ చెప్పిన వరుసలోనే విచారించాను. పెట్టెను ఆఖరునే ముట్టుకున్నాను.