డేటా లేకుండా ఫోన్‌లో టీవీ.. కర్నూలు, కడప కొండలు దాటి సిగ్నల్ వస్తుందా?

రీచార్జ్ అయిపోయినా ఫోన్‌లో టీవీ చూడొచ్చు! 'డైరెక్ట్ టు మొబైల్' (డీటూఎం) గురించి వినిపిస్తున్న మాట ఇదే. ఢిల్లీ, నోయిడా, బెంగళూరులో ట్రయల్స్ జరిగాయి. మరి నల్లమల, ఎర్రమల, పాలకొండల మధ్య ఉన్న కర్నూలు, కడప ఊళ్ల సంగతేంటి?

అసలు డీటూఎం అంటే?

టవర్ నుంచి వచ్చే డిజిటల్ టీవీ సిగ్నల్‌ను ఫోన్ నేరుగా అందుకోవడం. ఇంటర్నెట్‌తో పని లేదు. వంద మంది చూసినా, లక్ష మంది చూసినా టవర్‌పై భారం ఒక్కటే. అయితే ఫోన్‌లో ప్రత్యేక చిప్ ఉండాలి. మామూలు ఫోన్లకు ఇది రాదు.

దూరదర్శన్ ఏం చేసింది?

1980ల్లో దూరదర్శన్ లో పవర్ ట్రాన్స్‌మిటర్లతోనే చిన్న పట్టణాలకు చేరింది. 100 నుంచి 500 వాట్ల ఈ ట్రాన్స్‌మిటర్లు సుమారు 15-20 కిలోమీటర్లే అందేవి. అందుకే అంచున ఉన్న ఊళ్లలో మిద్దెలపై పొడవాటి పైపులు పాతి యాంటెన్నాలు కట్టేవారు. 2022 మార్చి నాటికి ప్రసార భారతి దాదాపు అన్ని అనలాగ్ ట్రాన్స్‌మిటర్లనూ ఆపేసింది. 2016లో 16 నగరాల్లో డిజిటల్ ప్రసారాలు మొదలైనా, ఆ జాబితాలో తెలుగు నగరం ఒక్కటీ లేదు. ఇళ్లకు డిష్ వచ్చింది కానీ, డిష్‌ను జేబులో పెట్టుకుని తిరగలేం కదా! అందుకే మళ్లీ నేల మీది టవర్లు కావాలి.

చిక్కులు ఇవీ..

కొండలు: కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో వస్తుంది. దాని తరంగం పొడవు 330 మీటర్లకు పైనే. నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతుంది. డీటూఎంకు ప్రతిపాదించింది 470-582 మెగాహెర్ట్జ్ బ్యాండ్. ఇక్కడ తరంగం పొడవు అర మీటరు పైచిలుకే. కొండ అడ్డొస్తే వెనక నీడ పడ్డట్టే.

ఎత్తు: 100 మీటర్ల టవర్ సిగ్నల్, 10 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు చదును నేలపై లెక్క ప్రకారం 54 కిలోమీటర్ల వరకు కనిపిస్తుంది. చేతిలో ఫోన్ ఉండేది మీటరున్నర ఎత్తులోనే. దూరం 46 కిలోమీటర్లకు పడిపోతుంది. అదీ ఆరుబయట. రాతి గోడల ఇంట్లోకి వెళ్తే సిగ్నల్ ఇంకా తగ్గుతుంది.

పవర్: అడ్డంకుల్లేకపోయినా రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల పవర్ కావాలి. నేల మీద అంతకన్నా ఎక్కువే.

ఒక్కసారిగా కట్: పాత టీవీలో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడేవి, మాట మాత్రం వినపడేది. డిజిటల్‌లో అలా కాదు. ఒక స్థాయి కిందికి దిగితే బొమ్మ, మాట రెండూ పోతాయి.

మరి దారేంటి?

ఒక పెద్ద టవర్ బదులు, కొండలపై చాలా చిన్న టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో నడపడం. దీన్నే సింగిల్ ఫ్రీక్వెన్సీ నెట్‌వర్క్ అంటారు. కానీ అన్ని టవర్లూ జీపీఎస్ గడియారంతో ఒకే టైమ్ పాటించాలి. 100 మైక్రోసెకన్లలో సిగ్నల్ 30 కిలోమీటర్లు పోతుంది. టైమ్ తప్పితే ఒక టవరే ఇంకో టవర్‌కు అడ్డం. పైగా ప్రతి కొండకూ కరెంటు, రోడ్డు, మెయింటెనెన్స్ కావాలి. ఖర్చంతా అక్కడే. ఇంకో దారి ఛానళ్ల సంఖ్య తగ్గించి సిగ్నల్‌ను గట్టిగా పంపడం. అప్పుడు అదే పవర్‌తో మరింత దూరం అందుతుంది.

మనకెందుకు ముఖ్యం?

2009 అక్టోబర్‌లో కర్నూలు నగరం వరదలో మునిగింది. 2021 నవంబర్ 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. అలాంటి వేళ అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తే నెట్‌వర్క్ జామ్ అవుతుంది. బ్రాడ్‌కాస్ట్‌కు ఆ సమస్య లేదు. ఒక్క హెచ్చరిక అందరికీ ఒకేసారి చేరుతుంది. అయితే టవర్‌కు బ్యాకప్ కరెంటు ఉండాలి, సిగ్నల్ కొండ వెనక ఊరికీ అందాలి.

అందుకే డీటూఎం మన జిల్లాకు వచ్చినప్పుడు అడగాల్సింది 'ఎన్ని వాట్లు?' అని కాదు. 'ఏ కొండపై టవర్? కవరేజీ కొలిచింది మిద్దె మీదా, చేతిలోని ఫోన్‌లోనా?' అని.