శీర్షాల లెక్క

ఘనాకృతిలో అంచులు కలిసే బిందువు శీర్షం. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ చివరి మెట్టు ఈ శీర్షం మీదే నిలబడింది. కుంభాకార ఘనంలో ఒక్కో శీర్షం దగ్గర కనీసం మూడు ముఖాలు కలవాలి, అక్కడి కోణాల మొత్తం 360 డిగ్రీలకు తగ్గాలి. సమబాహు త్రిభుజాలైతే మూడో, నాలుగో, ఐదో చేరవచ్చు. చతురస్రాలైతే మూడే, క్రమ పంచభుజులైనా మూడే. మూడు షడ్భుజులు కలిస్తే 360 నిండిపోయి బల్లపరుపుగా పరుచుకుంటాయి. అందుకే క్రమ ఘనాలు ఐదింటికి మించవు. ఇంత చేసినా, శీర్షాలెన్ని, అంచులెన్ని అని పక్కపక్కన పెట్టి చూసిన జాడ మనకు దక్కిన గ్రీకు గ్రంథాల్లో లేదు.

ఆ లెక్కకు చాలా దగ్గరగా వచ్చినవాడు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్. శీర్షం దగ్గర కోణాల మొత్తం 360కి ఎంత తగ్గిందో చూసి, ఆ తగ్గుదలలన్నీ కూడితే ఎప్పుడూ 720 వస్తుందని 1630 ప్రాంతంలో రాసుకున్నాడు. సమఘనం తీసుకుంటే ఒక్కో మూల దగ్గర మూడు లంబకోణాలు, అంటే 270, లోటు 90, ఎనిమిది మూలలకు 720. క్రమ చతుర్ముఖిలో లోటు 180, మూలలు నాలుగు, మళ్లీ 720. ముఖాల మీది కోణాల సంఖ్యను శీర్షాలు, ముఖాల సంఖ్యలతో ముడిపెట్టే సూత్రం కూడా ఆయన దగ్గర ఉంది. ఆ కోణాల సంఖ్య అంచుల సంఖ్యకు రెట్టింపు. ఆ ఒక్క మాట అనుకుని ఉంటే పని అయిపోయేది.

ఆ రాతకు పట్టిన గతి విచిత్రం. 1650లో డెకార్ట్ స్టాక్‌హోమ్‌లో చనిపోయాక, కాగితాల పెట్టె ఫ్రాన్సుకు తరలివస్తూ సెన్ నదిలో మునిగింది. పైకి తీసి ఆరబెట్టారు. 1676లో పారిస్‌లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఆ రాతకు నకలు రాసుకున్నాడు. మూలం పోయింది. నకలు 1860 ప్రాంతంలో గానీ బయటపడలేదు.

ఈలోగా 1750 నవంబరులో గణితవేత్త ఆయిలర్ బెర్లిన్ నుంచి తోటి గణితవేత్త గోల్డ్‌బాక్‌కు ఉత్తరం రాశాడు. ముఖాలు, శీర్షాలు కూడితే అంచుల కన్నా రెండెక్కువ. సమఘనానికి 6, 8 కలిపితే 14, అంచులు 12. ఇంత సులువైన సంగతి ఇంతవరకూ ఎవరి కంటా పడకపోవడం ఆయనకే ఆశ్చర్యం కలిగించింది. అప్పటికి రుజువు లేదు. తర్వాత శీర్షాలను ఒక్కొక్కటే కోసేస్తూ చతుర్ముఖి దాకా తగ్గించే రుజువు ఇచ్చాడు గానీ, కోతలో ఆకారం చెడిపోకుండా ఎలా కోయాలో తేల్చలేదు. లోపం లేని రుజువు 1794లో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ ఇచ్చాడు. డెకార్ట్ పేరు కూడా సూత్రానికి చేర్చాలనేవారున్నారు. అంచులను లెక్కపెట్టింది ఆయిలరే కాబట్టి ఘనత ఆయనకే చెందడం న్యాయం.

సూత్రానికి హద్దు ఉందని 1813లో జెనీవా గణితవేత్త లూయిలియే చూపించాడు. నాలుగు మూలలూ ఏటవాలుగా అతికిన పటం చట్రానికి శీర్షాలు 16, ముఖాలు 16, అంచులు 32. ఇక్కడ తేడా రెండు కాదు, సున్నా. నడుమ రంధ్రం ఉండటమే కారణం. ఆయిలర్ సూత్రం రంధ్రాలు లేని బహుముఖులకే వర్తిస్తుంది.