కారాగార శాసనములు – గృహస్థుల పూచీ

చెఱసాల యనినంతనే ఎత్తైన గోడలును, ఇనుప తలుపులును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని ఆ తలుపులు తెఱచుటకును, బయటికి వచ్చినవానిని నిలువబెట్టుటకును గూడ శాసనములు గలవు. వాని చరిత్ర పరరాష్ట్రములందు స్థిరపడిన మన కుటుంబములకు సంబంధించినదే కనుక క్లుప్తముగ మనవి చేయుచున్నాము.

1894 నాటి కారాగారముల చట్టము బందోబస్తునకును, చాకిరికిని, క్రమశిక్షణకును ఏర్పడినది. సంకెళ్ళును, ఒంటరి కొట్టును, 30కి మించని బెత్తపు దెబ్బలును అందు శిక్షలుగా వ్రాయబడినవి. విడుదలైనవాని బ్రదుకుతెరువును గూర్చి యొక అధ్యాయమైనను లేదు. 1919–20లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతను విచారణ జరిపిన సంఘము నేరస్థుని భయపెట్టుట మాత్రమే చాలదనియు, బాగుపఱచుటయు కారాగారము పనియే యనియు చెప్పెను. ఆ పిమ్మట రాష్ట్ర శాసనసభలు ఈ పనికి పూనుకొనినవి.

చెన్నరాజధానిలో 1926లో బోర్స్టల్ పాఠశాలల చట్టము వచ్చెను. 16 మొదలు 21 ఏండ్లలోపు నేరస్థులను ముదురు ఖైదీలతో కలుపక చదువును, వృత్తిని నేర్పుట దాని యుద్దేశము. 1937లో ప్రొబేషన్ చట్టము వచ్చెను. 1926 నాటికి బరంపురము, బళ్ళారి, సేలము ఒకే రాజధానిలోనివి. 1936లో గంజాము ఒరిస్సాలోను, 1953లో బళ్ళారి మైసూరులోను చేరెను. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. రాజ్యాంగము కారాగారములను రాష్ట్రముల జాబితాలోనే యుంచెను. కావున పరోలు నిబంధనలు రాష్ట్రమునకొక తీరుగ నున్నవి. మహారాష్ట్రమున 1959 నాటి బొంబాయి నిబంధనలు, తమిళనాడున 1982 నాటి నిబంధనలు ఏర్పడినవి. షోలాపురములోని బంధువుల అర్జీని చూచి చెన్నపట్టణమున అర్జీ వ్రాసిన చెల్లదు.

1958లో కేంద్ర ప్రొబేషన్ చట్టము వచ్చెను. మరణశిక్షగాని యావజ్జీవ శిక్షగాని పడదగని నేరములందు, నేరస్థుని స్వభావమును, పరిస్థితులను విచారించి న్యాయాధిపతి వానిని జెయిలుకు పంపక ముచ్చలికపై విడువవచ్చును. అయితే ఒక నిబంధన గలదు. వానికిగాని జామీనుదారునికిగాని ఆ న్యాయస్థానపు హద్దులలో, లేదా వాడు నివసింపబోవు చోట, స్థిరనివాసమో నిలుకడైన వృత్తియో ఉండవలెను. దఫ్తరములలో కాలము గడిపిన మావంటివారికి ఈ ఒక్క వాక్యము మిగిలిన సెక్షనులకంటె బరువైనదిగ తోచుచున్నది. కూలికై వచ్చి, భాష రాక, ఇల్లు లేక, తొలిసారి తప్పు చేసిన తెలుగు కుఱ్ఱవానికి స్థిరమైన విలాసము ఎక్కడిది? తరతరములుగ ఇచ్చట నున్న మనకే అది గలదు.

జామీను తేలికైన సంతకము కాదు. వాడు మాట తప్పినచో సొమ్ము చెల్లింపవలసి రావచ్చును. కనుక వాని నడతను, పనిని, తల్లిదండ్రులను విచారించియే పూచీ పడవలెను. విచారించుటకు సైతము ఎవ్వరును ముందుకు రానిచో చట్టమిచ్చిన మేలు కాగితముననే నిలిచిపోవును.

1965లో అనంతపురమున బహిరంగ కారాగారము వెలసెను. అచ్చట ఖైదీలు పొలము పని చేయుదురు. 2023లో కేంద్ర ప్రభుత్వము నూతన నమూనా చట్టమును సిద్ధము చేసి, ఇది రాష్ట్రముల విషయమగుటచే వానికే పంపెను. సత్ప్రవర్తనకు పరోలు, ముందస్తు విడుదల, విడుదలానంతర పునరావాసము అందు గలవు. సంకెళ్ళనుండి ఇంతవఱకు వచ్చుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

ప్రతి పట్టణమున మన సంఘమువారు పూచీ పడగల గృహస్థుల పేర్లును, పని ఇయ్యగల వర్తకుల పేర్లును, అర్జీలు వ్రాయగల వకీళ్ళ పేర్లును ఒక పుస్తకమున వ్రాసియుంచిన చాలును. ఇందుకు పెద్ద ద్రవ్యము అక్కఱలేదు. పెద్దలు ఆలోచింతురుగాక.