కొన్న యంత్రం, చేసుకున్న యంత్రం

ఎనభయ్యేళ్ళు దాటిన విద్యావిభాగం గురించి ప్రత్యేక సంచికకు రాయమని కమిటీవారు అడిగితే, సాధారణంగా రెండు పద్ధతులు ఉంటాయి. అధిపతుల పేర్లు వరసగా చెప్పుకుపోవడం ఒకటి, అక్కడ చదివినవాళ్ళు అందుకున్న పదవులు ఏకరువు పెట్టడం మరొకటి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ విభాగానికి ఈ రెంటికీ కొదవ లేదు. ఒక్క సతీష్ ధావన్ పేరు చాలు, ఎన్ని పేజీలైనా నిండుతాయి. అయితే ఆ పేర్లన్నిటి వెనుక ఒక అలవాటు ఉంది. కావలసిన పరికరం బజారులో దొరక్కపోతే, దొరికినా కొనే స్తోమత లేకపోతే, తామే చేసుకోవడం. ఈ విభాగానికి పేరు తెచ్చింది ఆ అలవాటేననీ, ఇప్పటి పరిశోధనలో మేలైన భాగం కూడా దాని ఫలమేననీ నా అభిప్రాయం.

విభాగం పుట్టుకే అవసరంలోంచి. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సాయంతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు. యుద్ధం నడుస్తోంది. విమానాలు బాగుచేసే కార్ఖానా వచ్చింది గాని, విమానం గురించి చదువు చెప్పే చోటు దేశంలో లేదు. ఇన్‌స్టిట్యూట్‌కు అప్పటి డైరెక్టర్ జ్ఞానచంద్ర ఘోష్ హయాంలో 1942 డిసెంబరులో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ విభాగం మొదలైంది. దాన్ని నిలబెట్టిన విష్ణు మాధవ్ ఘాట్గే జర్మనీలోని గొట్టింగెన్‌లో లుడ్విగ్ ప్రాంటల్ దగ్గర పరిశోధన చేసి వచ్చినవారు. గాలి ప్రవాహం గురించి ఆధునిక శాస్త్రానికి పునాది వేసిన గురువు దగ్గర చదివి, ఆ చదువును కార్ఖానా గుమ్మందాకా తెచ్చినవారు. తరవాత ఆయన ఆ విమాన కంపెనీకి వెళ్ళి రూపొందించిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951 ఆగస్టులో ఎగిరింది. పాఠానికీ పనిముట్టుకూ మధ్య గోడ ఉండకూడదన్న పట్టుదల అప్పటినుంచీ ఉంది.

అదే 1951లో ధావన్ అమెరికాలోని కాల్‌టెక్ నుంచి వచ్చి చేరారు. ఇస్రో అధ్యక్షుడిగా ఆయన్ని అందరూ తలుచుకుంటారు. ఆయన చేతిపని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆయన కాల్‌టెక్ పరిశోధనే చూడండి. చదునైన పలక మీదుగా గాలి దూసుకుపోతున్నప్పుడు ఆ పలకను ఎంత బలంతో ఈడుస్తుంది? అంతకుముందు దీన్ని ఎక్కువగా పరోక్షంగా లెక్కగట్టేవారు. ధావన్ పలకలోంచి చిన్న ముక్కను వేరుచేసి, చుట్టూ సన్నని సందు వదిలి, పలచని స్ప్రింగు పట్టీల మీద నిలబెట్టారు. గాలి ఈడిస్తే ముక్క కంటికి కనిపించనంత కదులుతుంది. ఆ కదలిక విద్యుత్ సంకేతమై బయటికి వస్తుంది. ముక్క పలక కంటే రవ్వంత ఎత్తుగా ఉన్నా, రవ్వంత లోతుగా ఉన్నా కొలత పాడైపోతుంది. ఇలాంటి పని తెలిసిన చెయ్యి బెంగళూరు వచ్చాక ఊరుకోదు. అంగుళం వెడల్పు, మూడంగుళాల ఎత్తు ఉన్న చిన్న దారిలో ధ్వనిని మించిన వేగంతో గాలి పారించే సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ ఇక్కడ తయారైంది. దేశంలో అదే మొదటిది. 1950ల చివరికి 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న పెద్ద టన్నెల్ కూడా వచ్చింది.

ఆ మూడంగుళాల టన్నెల్ ఆటబొమ్మ కదా, దానితో విమానాలు వస్తాయా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని విమానానికంటే ముందు రావలసింది విమానాన్ని పరీక్షించగల మనిషి. నిలకడగా సాగే గాలిపొర ఏ దశలో అల్లకల్లోలంగా మారుతుందన్న ప్రశ్న మీద ధావన్, ఆయన శిష్యుడు రొద్దం నరసింహ కలిసి 1958లో ప్రచురించిన వ్యాసాన్ని ఇంజన్ల పంఖాల మీద ప్రవాహాన్ని లెక్కగట్టేవారు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. నరసింహ పుట్టింది బెంగళూరులోనే అయినా కుటుంబం మన రాయలసీమలోని రొద్దంనుంచి వచ్చినది. నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీలో 1967లో పని మొదలుపెట్టిన నాలుగడుగుల ట్రైసోనిక్ టన్నెల్ వెనుకా ధావన్ ఆలోచన ఉంది. మన రాకెట్ల నమూనాలు గాలికి నిలబడి పరీక్ష రాసింది అక్కడే. పెద్ద టన్నెల్‌ను నడిపే విద్య చిన్న టన్నెల్ దగ్గర అబ్బింది. ఆ తరవాత కొన్నేళ్ళు తరగతులు, డిగ్రీలు, కొత్త గదులు, నివేదికలతో గడిచాయి.

ఇప్పటి పరిశోధనకు వస్తే, ధ్వనికి ఐదారు రెట్లు మించిన వేగాల అధ్యయనం ముందు వరసలో ఉంది. ఇందుకు వాడే షాక్ టన్నెల్ పనితీరు ముచ్చటగా ఉంటుంది. గొట్టాన్ని లోహపు రేకుతో రెండుగా విడగొట్టి, ఒకవైపు హీలియంను విపరీతమైన ఒత్తిడితో నింపుతారు. రేకు మీద ముందే గాడులు గీసి ఉంచుతారు కనుక ఒత్తిడి మించగానే అది ముక్కలైపోకుండా నాలుగు రేకుల పువ్వులా విచ్చుకుంటుంది. దూసుకొచ్చిన షాక్ తరంగం వెనుక గాలి కాగిపోయి నాజిల్‌లోంచి నమూనా మీదికి దూకుతుంది. ఇదంతా సుమారు సెకనులో వెయ్యోవంతు. ఆ రెప్పపాటులోనే నమూనా మీద అతికిన సన్నని ప్లాటినం పొరలు వేడిని నమోదు చెయ్యాలి. ఇంత చిన్న సమయం దేనికి సరిపోతుందన్న సందేహం సహజం. వేడి ఎంత తగులుతుందో, ఎక్కడ తగులుతుందో చెప్పడానికి సరిపోతుంది. ఆ వేగాల్లో పనిచేసే స్క్రామ్‌జెట్ ఇంజను ఎంతసేపు మండుతుందో చెప్పడానికి సరిపోదు. అది వేరే చోట చూడవలసిన సంగతి. అలాంటి పరీక్షగా, హైదరాబాదులోని రక్షణ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన హైపర్‌సోనిక్ వాహనం 2020 సెప్టెంబరులో స్క్రామ్‌జెట్‌తో ఎగిరింది. ఒక దేశానికి రెండు రకాల పరీక్షలూ కావాలి.

ఇదే విద్యలో విభాగానికి చెందిన కె.పి.జె. రెడ్డి చేసిన రెడ్డి ట్యూబు నాకు మరీ ఇష్టం. హీలియం సిలిండర్లు, పంపులు లేకుండా, చేత్తో పిస్టన్‌ను తోస్తే ట్రేసింగ్ కాగితం చినిగి షాక్ తరంగం పుడుతుంది. కాలేజీ బల్ల మీద పెట్టుకోదగ్గ పరికరం. ఇటు దహనశాస్త్రంలో ఇదే విభాగంలోని హెచ్.ఎస్. ముకుంద నాయకత్వంలో రాకెట్ మంటను చదివినవారే కట్టెముక్కలనుంచి వాయువు తీసి ఇంజను నడిపే గ్యాసిఫయర్ మీద పనిచేశారు. 1988లో తుమకూరు జిల్లా హోసహళ్ళిలో ఆ కరెంటుతో దీపాలు వెలిగాయి. ఇది విమానశాస్త్రమేనా అని పెదవి విరిచేవారున్నారు. మంట ఎక్కడైనా మంటే. దాన్ని కొలవడం వచ్చినవాడికి ఊరూ రాకెట్టూ రెండూ పనికొస్తాయి.

అవన్నీ లేమి రోజుల తిప్పలు, ఇప్పుడు డబ్బుంది, మంచి యంత్రం కొనుక్కుంటే సమయం కలిసొస్తుంది అన్నది బలమైన ఆక్షేపణ. నిజమే, ప్రతి వోల్టుమీటరునూ ఇంట్లో చేసుకోనక్కరలేదు. కాని 1998 సంగతి మరవరాదు. పోఖ్రాన్ అణుపరీక్షల తరవాత అమెరికా ఆంక్షలు విధించడంతో తేలికపాటి యుద్ధవిమానం నియంత్రణ వ్యవస్థ మీద అక్కడ కలిసి చేస్తున్న పని నడిమధ్యలో ఆగిపోయింది. మనవాళ్ళు దాన్ని ఇక్కడే పూర్తిచేశారు. 2001 జనవరి 4న విమానం ఎగిరింది. ఆ కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ ఇదే ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.ఈ. చదివినవారు, తరవాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. తలుపు మూసుకున్నప్పుడు ఆదుకునేది లోపలి సంగతి తెలిసిన మనిషే. పైగా కొన్న యంత్రం చూపిన అంకెను నమ్మక తప్పదు; తను చేసినదైతే ఎక్కడ తప్పు చూపుతుందో కూడా తెలిసి ఉంటుంది.

స్థలమిచ్చిన మైసూరు రాజవంశానికి, సంస్థకు బీజం వేసిన జంషెడ్జీ టాటాకు, పరిశోధనలకు డబ్బిచ్చిన ఇస్రోకు, డీఆర్‌డీఓకు, ఏరోనాటిక్స్ పరిశోధన మండలికి కృతజ్ఞతలు చెప్పడం ఈ సంచిక ధర్మం. చెప్పాను. సాధారణంగా చెప్పకుండా దాటవేసేవి రెండున్నాయి. ఇన్నేళ్ళ చదువు తరవాత కూడా మనం రూపకల్పన చేసిన ప్రయాణికుల విమానం ఒక్కటీ ఎయిర్‌లైన్ సేవలో లేదు. అలాంటి ప్రయత్నమైన సారస్ విమానపు నమూనా 2009 మార్చిలో కూలి ముగ్గురు పోయాక ఆ ఆశ చాలాకాలం వెనక్కి తగ్గింది. ఈ లోటును విభాగం నెత్తిన రుద్దడం తప్పు. విమానం తయారవ్వాలంటే కార్ఖానా, ప్రభుత్వం, కొనేవాడు అందరూ కలవాలి. రెండోది మాత్రం మన ఉన్నత విద్యాసంస్థలన్నిటి తప్పు. రేకు మీద గాడి సరిగ్గా గీసేది, స్ప్రింగు పట్టీని వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చేది వర్క్‌షాపు మేస్త్రీలు. వ్యాసాల మీద వాళ్ళ పేర్లు ఉండవు, పదోన్నతి లెక్కల్లో పరికరానికి మార్కులు ఉండవు, పదవీ విరమణ చేసిన మేస్త్రీ స్థానంలో చాలాచోట్ల కొత్తవాళ్ళు రారు. ఈ సంచికలో ఆచార్యుల ఫోటోలకు ఇన్ని పేజీలిచ్చిన కమిటీవారు, వచ్చే సంచికలోనైనా వర్క్‌షాపులో పనిచేసినవారందరి పేర్లూ, వాళ్ళు చేసిన పరికరాల జాబితాతో సహా అచ్చువేయాలని కోరుతున్నాను.