చిన్న మదుపరులు - షేర్లలో లాభనష్టాలు

జీతం, పింఛను, వ్యవసాయం లేదా చిన్న వ్యాపారం ద్వారా వచ్చిన ఆదాయంలో మిగిల్చిన సొమ్ముతో కంపెనీల షేర్లు కొనే వ్యక్తులను చిన్న మదుపరులు అంటారు. వీరిని రిటైల్ మదుపరులు అని కూడా వ్యవహరిస్తారు. బ్యాంకులు, బీమా సంస్థలు, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు మొదలైనవి సంస్థాగత మదుపరుల కోవకు చెందుతాయి. భారతదేశంలో కొత్త షేర్ల జారీ సమయంలో రెండు లక్షల రూపాయలకు మించకుండా దరఖాస్తు చేసే వ్యక్తిని సెబీ నిబంధనలు రిటైల్ మదుపరిగా గుర్తిస్తాయి. 2010కి ముందు ఈ పరిమితి ఒక లక్ష రూపాయలుగా ఉండేది.

షేర్లు కొనవచ్చునా, కూడదా అన్న చర్చ మధ్యతరగతి కుటుంబాలలో తరచుగా వినిపిస్తుంది. కొనవచ్చుననేవారు ఇన్ఫోసిస్‌ను ఉదాహరణగా చూపితే, కూడదనేవారు సత్యం కంప్యూటర్స్‌ను చూపుతారు. రెండూ వాస్తవాలే. షేరు ఇచ్చే లాభానికి, దానిలోని నష్టభయానికి మూలం ఒక్కటే కావడం ఇందుకు కారణం.

షేరు స్వభావం

షేరు అనగా కంపెనీ మూలధనంలో ఒక వాటా. బ్యాంకులో డిపాజిట్ చేసిన వ్యక్తి బ్యాంకుకు అప్పు ఇచ్చినవాడు అవుతాడు. అతనికి ముందుగా నిర్ణయించిన వడ్డీ లభిస్తుంది. షేరు కొన్న వ్యక్తి అప్పు ఇచ్చినవాడు కాదు, కంపెనీకి భాగస్వామి. కంపెనీ ఆర్జించిన ఆదాయం నుండి ఉద్యోగుల జీతాలు, సరుకుల ఖరీదు, అప్పులపై వడ్డీ, ప్రభుత్వానికి పన్ను చెల్లించిన తరువాత మిగిలినది మాత్రమే వాటాదారులకు చెందుతుంది. కంపెనీ మూతపడినప్పుడు కూడా ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ములో వాటాదారుల వంతు అందరికంటే చివర వస్తుంది.

ఇలా చివరి వరుసలో నిలబడినందుకే వాటాదారుకు లాభంలో పరిమితి లేదు. వడ్డీకి ఇచ్చినవానికి కంపెనీ ఎంత ఎదిగినా అదే వడ్డీ. వాటాదారుకు మాత్రం ఎదుగుదలలో భాగం దక్కుతుంది. నష్టానికి ఒక హద్దు ఉంది. పరిమిత బాధ్యత గల కంపెనీలో పూర్తిగా సొమ్ము చెల్లించిన షేరును కొన్నవారు తాము పెట్టిన సొమ్మును మించి పోగొట్టుకోరు. అయితే ఈ హద్దు అప్పు చేసి కొన్నవారిని కాపాడదు.

చరిత్ర

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి 1875లో ఏర్పడింది. హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి 1943లో ఏర్పడి, 2007లో గుర్తింపు కోల్పోయింది. చాలాకాలం షేర్ల వ్యాపారం పెద్ద నగరాలలోని కొద్దిమందికే పరిమితమై ఉండేది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం కారణంగా పలు విదేశీ కంపెనీలు తమ వాటాలలో కొంత భాగాన్ని భారతీయులకు అమ్మవలసి వచ్చింది. 1977లో రిలయన్స్ సంస్థ తన షేర్లను ప్రజలకు జారీ చేసింది. ఈ పరిణామాలతో మధ్యతరగతివారు షేర్ల వైపు ఆకర్షితులయ్యారు.

సెబీ 1988లో ఏర్పడి, 1992లో చట్టబద్ధమైన అధికారాలు పొందింది. అదే సంవత్సరం హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. 1992 ఏప్రిల్‌లో 4,400 దాటిన సెన్సెక్స్ ఏడాది తిరిగేసరికి సుమారు సగానికి పడిపోయింది.

అప్పట్లో షేర్లు కాగితపు పత్రాల రూపంలో ఉండేవి. పత్రాలు తపాలాలో పోవడం, సంతకం సరిపోలలేదని తిరిగి రావడం, నకిలీ పత్రాలు చలామణి కావడం చిన్న మదుపరులకు పెద్ద తలనొప్పిగా ఉండేది. 1996 నాటి డిపాజిటరీల చట్టంతో షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డీమ్యాట్ పద్ధతి ప్రవేశించింది. 2020 మార్చి నాటికి దేశంలో సుమారు 4 కోట్ల డీమ్యాట్ ఖాతాలు ఉండగా, 2022 ఆగస్టు నాటికి వాటి సంఖ్య 10 కోట్లు దాటింది. ఒకే వ్యక్తికి ఒకటి కంటే ఎక్కువ ఖాతాలు ఉండవచ్చును గనుక మదుపరుల సంఖ్య ఇంతకంటే తక్కువ.

ప్రతిఫలం

వాటాదారుకు ప్రతిఫలం రెండు విధాలుగా లభిస్తుంది. మొదటిది కంపెనీ లాభాల నుండి పంచే డివిడెండు. రెండవది షేరు ధర పెరగడం వలన వచ్చే లాభం. కంపెనీలు అప్పుడప్పుడు బోనస్ షేర్లు కూడా ఇస్తాయి. బోనస్ వలన షేర్ల సంఖ్య పెరిగినా, ఆ నిష్పత్తిలో ధర తగ్గుతుంది. కాబట్టి దానిని ఉచిత బహుమతిగా భావించరాదు.

షేర్లను సమర్థించేవారు చెప్పే ముఖ్యమైన కారణం ద్రవ్యోల్బణం. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే సుమారు 12 సంవత్సరాలలో రెట్టింపు అవుతాయి. వడ్డీ అంతకంటే తక్కువైతే దాచిన సొమ్ము అంకెలలో పెరిగినా కొనుగోలు శక్తిలో తరుగుతుంది. మంచి కంపెనీల లాభాలు దీర్ఘకాలంలో ధరలకంటే వేగంగా పెరిగే అవకాశం ఉంది.

ఇన్ఫోసిస్ ఇందుకు తరచుగా చూపే ఉదాహరణ. 1993లో ఈ కంపెనీ ఒక్కొక్క షేరును 95 రూపాయలకు జారీ చేసినప్పుడు తగినన్ని దరఖాస్తులు రాలేదు. ఆనాడు 9,500 రూపాయలతో 100 షేర్లు కొని అమ్మకుండా ఉంచుకున్నవారికి తరువాతి బోనస్‌లు, షేరు విభజన కలుపుకొని 2018 నాటికి 1,02,400 షేర్లు అయ్యాయి. 2021లో ఒక్కో షేరు 1,200 రూపాయలకు పైగా పలికినందున వాటి విలువ 12 కోట్ల రూపాయలు దాటింది.

అయితే ఈ ఉదాహరణను రెండు విషయాలతో కలిపి చదవాలి. ఒకటి, 2000 మార్చి తరువాత సాఫ్ట్‌వేర్ షేర్లు కుప్పకూలినప్పుడు ఇన్ఫోసిస్ ధర కూడా సగానికి పైగా పడిపోయింది. లాభం అందినది ఆ పతనాన్ని ఓర్చుకున్నవారికే. రెండు, 1990 దశకంలో ప్రజల నుండి సొమ్ము సేకరించిన కంపెనీలలో కొన్ని చిరునామా కూడా దొరకకుండా పోయాయి. ప్రభుత్వమే వీటిని మాయమైన కంపెనీలుగా పేర్కొని చర్యలు చేపట్టింది. గెలిచిన కంపెనీ కథ అందరి నోటా వినిపిస్తుంది, మాయమైన కంపెనీ షేర్లు కొన్నవారి కథ ఇంటి గోడలు దాటదు. విన్న కథలను బట్టి మాత్రమే లెక్కవేసేవారికి లాభావకాశం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

నష్టభయం

నష్టభయాన్ని ముఖ్యంగా మూడు విధాలుగా విభజించవచ్చును.

1. మార్కెట్ మొత్తం పడిపోవడం: 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అదే సంవత్సరం అక్టోబరులో 8,000 దిగువకు వచ్చింది. మళ్ళీ 21,000ను తాకడానికి 2010 నవంబరు వరకు పట్టింది. 2020 మార్చి 23న కరోనా భయంతో ఒక్కరోజులోనే సెన్సెక్స్ 3,934 పాయింట్లు, అనగా సుమారు 13 శాతం పడిపోయింది. ఇటువంటి పతనంలో మంచి కంపెనీల షేర్లు కూడా పడతాయి.

2. అధిక ధరకు కొనడం: కంపెనీ కొనసాగుతున్నా ఎక్కువ ధర పెట్టి కొన్నవారు నష్టపోవచ్చును. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ షేర్ల జారీకి అనేక రెట్లు దరఖాస్తులు వచ్చాయి. జారీ ధర 450 రూపాయలు, చిన్న మదుపరులకు 430 రూపాయలు. 2008 ఫిబ్రవరి 11న వ్యాపారం మొదలైన రోజే అది సుమారు 372 రూపాయల వద్ద ముగిసింది.

3. కంపెనీలో మోసం లేదా వైఫల్యం: దీనికి సత్యం కంప్యూటర్స్ ఉదంతం ప్రసిద్ధమైన ఉదాహరణ.

సత్యం ఉదంతం

1987లో స్థాపించబడిన సత్యం కంప్యూటర్స్ హైదరాబాదుకు పేరు తెచ్చిన కంపెనీ. తెలుగువారిలో అనేకులకు ఇందులో షేర్లు ఉండేవి. కంపెనీ లెక్కలను అంతర్జాతీయ ఆడిట్ సంస్థకు అనుబంధమైన సంస్థ తనిఖీ చేసేది. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీలను కొనాలన్న నిర్ణయాన్ని వాటాదారులు తీవ్రంగా వ్యతిరేకించగా యాజమాన్యం ఉపసంహరించుకుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ బి.రామలింగరాజు కంపెనీ లెక్కలలో వేల కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపామని లేఖ ద్వారా వెల్లడించారు. ఆ ఒక్కరోజే షేరు ధర సుమారు 179 రూపాయల నుండి 40 రూపాయలకు, అనగా 78 శాతం పడిపోయింది.

కేంద్ర ప్రభుత్వం పాత డైరెక్టర్ల బోర్డును తొలగించి కొత్త బోర్డును నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఈ కంపెనీని చేజిక్కించుకుంది. 2013లో విలీనం పూర్తయినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజు తదితరులకు ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది.

అమెరికాలో వేసిన సామూహిక దావాను కంపెనీ 2011లో 12.5 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది. ఆనాటి భారత కంపెనీల చట్టంలో వాటాదారులు సామూహికంగా నష్టపరిహారం కోరే ఏర్పాటు లేదు. 2013 నాటి కంపెనీల చట్టంలో ఇటువంటి దావాకు వీలు కల్పించారు.

ఈ ఉదంతంలో చిన్న మదుపరి గమనించవలసిన విషయం ఒకటి ఉంది. కంపెనీ వార్షిక నివేదిక చదివి, లాభాలు చూసి కొన్నవారు కూడా నష్టపోయారు, ఎందుకంటే ఆ నివేదికే అబద్ధం. కాబట్టి పరిశీలన అవసరమే గాని అది ఒక్కటే రక్షణ కాదు. సొమ్మును పలుచోట్ల విభజించడం మరొక రక్షణ. ఒక లక్ష రూపాయలు మొత్తం సత్యం షేర్లలోనే ఉన్న వ్యక్తి ఆ రోజు సుమారు 78,000 రూపాయలు కోల్పోయాడు. అదే లక్షను 20 కంపెనీలలో సమానంగా పెట్టిన వ్యక్తికి సత్యం వలన కలిగిన నష్టం సుమారు 3,900 రూపాయలు మాత్రమే.

నష్టం లెక్క

నష్టాన్ని పూడ్చడానికి అంతకంటే పెద్ద శాతంలో లాభం రావాలి. 100 రూపాయల షేరు ఆధారంగా దీనిని గమనించవచ్చును.

20 శాతం తగ్గితే 80 రూపాయలు. మళ్ళీ 100 కావడానికి 25 శాతం పెరగాలి.
50 శాతం తగ్గితే 50 రూపాయలు. మళ్ళీ 100 కావడానికి 100 శాతం పెరగాలి.
80 శాతం తగ్గితే 20 రూపాయలు. మళ్ళీ 100 కావడానికి 400 శాతం పెరగాలి.

మదుపు, స్పెక్యులేషన్

కంపెనీ ఎదుగుదలలో భాగం కోసం సంవత్సరాల తరబడి షేరు ఉంచుకోవడం మదుపు. ధర హెచ్చుతగ్గులను ఊహించి తక్కువ కాలంలో కొని అమ్మడం స్పెక్యులేషన్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఈ రెండవ కోవలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి. వీటిలో ఒకరి లాభం మరొకరి నష్టం నుండే వస్తుంది. బ్రోకరు రుసుము, పన్ను అదనం.

సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తులలో సుమారు 93 శాతం మంది నష్టపోయారు. వారందరి నికర నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా ఉంది. ఒకేరోజులో షేర్లు కొని అమ్మేవారిలో 2022-23లో పదిమందికి ఏడుగురు నష్టపోయారని సెబీ మరొక అధ్యయనం తెలిపింది.

భిన్నాభిప్రాయాలు

షేర్లను వ్యతిరేకించేవారు బ్యాంకు డిపాజిట్టు, బంగారం, భూమి మేలంటారు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుండి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిట్‌దారుకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. షేరు ధరకు ఇటువంటి బీమా లేదు. కంపెనీ లోపలి సంగతులు చిన్న మదుపరికి అందరికంటే ఆలస్యంగా తెలుస్తాయన్నది వీరి మరొక వాదన.

సమర్థించేవారు భూమి కొనడానికి పెద్ద మొత్తం కావాలని, అవసరమైనప్పుడు దానిలో కొంత భాగాన్ని వెంటనే అమ్మలేమని, షేర్లను కొద్ది సొమ్ముతో కూడా కొనవచ్చునని చెబుతారు. మధ్యేమార్గంగా కొందరు మ్యూచువల్ ఫండ్లను, సూచీలోని కంపెనీలన్నింటిలో మదుపు చేసే ఇండెక్స్ ఫండ్లను సూచిస్తారు. వీటిలో ఒక కంపెనీ మోసం వలన కలిగే దెబ్బ తగ్గుతుంది గాని, మార్కెట్ మొత్తం పడితే ఫండ్ విలువ కూడా పడుతుంది.

జాగ్రత్తలు

* పిల్లల చదువు, పెళ్ళి, వైద్యం వంటి దగ్గరి అవసరాలకు ఉంచిన సొమ్మును షేర్లలో పెట్టరాదు. 2008 వంటి పతనంలో సంవత్సరాల తరబడి ఆగగలిగిన సొమ్మే ఇందుకు తగినది. పతనంలో తప్పనిసరై అమ్మినవారికి నష్టం శాశ్వతమవుతుంది.
* అప్పు చేసి షేర్లు కొనరాదు.
* ఒకే కంపెనీలో, ఒకే రంగంలో సొమ్మంతా పెట్టరాదు. తాము పనిచేసే కంపెనీ షేర్లే ఎక్కువగా ఉన్న ఉద్యోగికి, కంపెనీ దెబ్బతింటే జీతం, పొదుపు ఒకేసారి పోతాయి.
* నిశ్చితమైన లాభం ఇస్తామని చెప్పేవారిని నమ్మరాదు. సలహాదారుకు, బ్రోకరుకు సెబీ నమోదు ఉన్నదో లేదో చూసుకోవాలి.
* డీమ్యాట్ ఖాతాకు నామినీని నమోదు చేయాలి. ఏడేళ్ళపాటు ఎవరూ తీసుకోని డివిడెండ్లు మదుపరుల విద్య, రక్షణ నిధికి వెళతాయి. హక్కుదారులు దరఖాస్తు చేసి తిరిగి పొందవచ్చును.
* బ్రోకరు లేదా కంపెనీపై ఫిర్యాదులను సెబీ 2011లో ప్రారంభించిన స్కోర్స్ ద్వారా పంపవచ్చును.

ఇవి కూడా చూడండి

* స్టాక్ ఎక్స్ఛేంజి
* సెన్సెక్స్
* సెబీ
* మ్యూచువల్ ఫండ్
* సత్యం కంప్యూటర్స్