పౌను గింజలకు పరీక్ష

ధాత కరువు ముదిరిన రోజుల్లో, 1877 జనవరిలో, వైస్రాయ్ లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల జనం సర్కారు కరువు పనుల్లో మట్టి మోసి ప్రాణం నిలుపుకుంటున్నారు. ఆ ఖర్చు తగ్గించడమే టెంపుల్ పని. మగమనిషికి రోజుకు పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలని తేల్చాడు. పౌనంటే 450 గ్రాములు. కూలి తగ్గిస్తే నిజంగా గతిలేనివాళ్లే వస్తారని లెక్క. 1834లో ఇంగ్లండు తెచ్చిన పేదల చట్టం వెనకున్నదీ ఇదే అనుమానం.

చిత్రమేమిటంటే, 1874 బీహార్ కరువులో ఈ టెంపులే బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. దుబారా మనిషని చీవాట్లు తిన్నాడు. ఆ మచ్చ మద్రాసు కూలీల కడుపు మీద కడుక్కున్నాడని నాకనిపిస్తుంది. పనిచేసే ఒంటికి ఆ తిండి చాలదని శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడాడు. చివరకు మద్రాసు ప్రభుత్వానికి కూలి కాస్త పెంచక తప్పలేదు.

1833 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ తుడిచిపెట్టుకుపోయినట్టు ఈసారి కృష్ణా డెల్టా పోలేదు. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట కాచుకుంది. అయితే కాలవ నీళ్లు పల్లానికే. బుడమేరు వాగు పుట్టే మైలవరం కొండల పక్క, జమీందారీ మెట్ట ఊళ్లకు వానా, చెరువే దిక్కు.

2005 ఉపాధి హామీ చట్టం టెంపుల్ పాత లెక్కను తిరగేసింది. పని అడగడం కూలీ హక్కయింది. 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలంది: మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, తర్వాత సగం. ఆ భారం రాష్ట్ర ఖజానా మీద పెట్టింది. కాబట్టే కాబోలు, భృతి అందుకున్న కూలీలు అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో చదువుకున్న నిరుద్యోగుల కోసం 2018 అక్టోబరులో నెలకు 1,000 రూపాయలతో మొదలైన యువనేస్తం భృతి 2019లో ప్రభుత్వం మారాక ఆగింది. 2024 ఎన్నికల నాటికి హామీ 3,000 అయింది.

వైద్యానికి మన దగ్గర పరీక్ష వేరు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పనిలో ఉన్నావా అని అడగలేదు, తెల్లకార్డు చూపమంది. పని అడిగేది కార్మికుల బీమా ఈఎస్ఐ. మన పిల్లలు స్థిరపడిన అమెరికాలో పేదల వైద్య పథకం మెడికెయిడ్‌కు 2018లో ఆర్కాన్సా రాష్ట్రం నెలకు 80 గంటల పని నియమం పెట్టింది. కొద్ది నెలల్లోనే 18,000 మందికి పైగా పథకం పోగొట్టుకున్నారు. వాళ్లలో పనిచేస్తూనే లెక్క చెప్పుకోలేకపోయినవాళ్లూ ఉన్నారు. మొదట్లో ఆన్‌లైన్‌లోనే చెప్పాలి, ఆ వెబ్‌సైటేమో రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా మూత. 2019లో కోర్టు ఆపింది. 2025 జూలైలో అదే 80 గంటల నియమం దేశ చట్టంలోకి ఎక్కింది. 2027 జనవరి నాటికి అమలు చేయాలట.