పుష్పరాజ్‌కి అవార్డులు: మెచ్చుకున్నది ఎవర్ని?



అల్ ముంతజాలో మన తెలుగిళ్ళల్లో మగపిల్లలు ఒక్కసారైనా భుజం పైకెత్తి, గడ్డం కింద చెయ్యి రాయకుండా ఉండరు. ఇక్కడ పుట్టి, ఊరిని సెలవుల్లో మాత్రమే చూసిన పిల్లలకి కూడా పుష్పరాజ్ తెలుసు. కానీ ఎర్రచందనం చెట్టు ఎలా ఉంటుందో అడిగితే చెప్పలేరు. అందుకే ఈ నెల ఆ సినిమాకి వచ్చిన అవార్డుల చరిత్ర, వాటి చుట్టూ జరిగిన గొడవ, ఆ చెట్టు సంగతీ కలిపి రాస్తున్నాను.

ముందు చెట్టు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల. కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండలన్నమాట. అడవి నుంచి కొట్టి అమ్మడం నేరం. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటిస్ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. అయినా చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కీ, జపాన్‌లో సంగీత వాద్యాలకీ ఈ కలపంటే మోజు. గిరాకీ అక్కడ, చెట్టు ఇక్కడ. మధ్యలో స్మగ్లర్లు.

ఈ దందాలో పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారుల్ని దుంగలు కొట్టేవాళ్ళు రాళ్ళతో కొట్టి చంపారు. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే. అది ఎదురుకాల్పులా, పట్టుకుని కాల్చారా అని పెద్ద గొడవైంది, జాతీయ మానవ హక్కుల సంఘం దాకా వెళ్ళింది. కూలి ఎక్కువిస్తామని మేస్త్రీ చెబితే బయల్దేరి వచ్చే పేదవాళ్ళే ఇలా చనిపోతుంటారు. ఏజెంటు మాట నమ్మి గల్ఫ్‌కి విమానమెక్కిన ఇళ్ళు రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు ఎన్నున్నాయో మనకి తెలుసు కదా. ఆ కూలీల ఇళ్ళల్లో ఆడవాళ్ళ గతి ఏమై ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక సినిమా. సుకుమార్ తీసిన 'పుష్ప: ది రైజ్' 2021 డిసెంబరు 17న వచ్చింది. కూలీగా మొదలైన మనిషి స్మగ్లర్ల నాయకుడవడం కథ. శేషాచలం అని చూపించిన అడవి చాలావరకు మారేడుమిల్లిది. డబ్బులు కురిశాయి, తిట్లూ వచ్చాయి. హీరో హీరోయిన్ ఛాతీని తాకే ఒక సీను మీద విమర్శలు రావడంతో విడుదలైన కొద్ది రోజులకే దాన్ని తీసేశారు. నవ్వుకి వెయ్యి, ముద్దుకి ఐదు వేలు అని డబ్బిచ్చే సీన్లు మాత్రం అలాగే ఉన్నాయి. దొంగని హీరో చేస్తారా అని గరికపాటి నరసింహారావు గారు టీవీలో గట్టిగా అడిగారు. 2024 ఆగస్టులో ఉప ముఖ్యమంత్రి హోదాలో బెంగళూరు వెళ్ళిన పవన్ కల్యాణ్, ఒకప్పుడు సినిమా హీరోలు అడవిని కాపాడేవాళ్ళనీ, ఇప్పుడు స్మగ్లర్లయ్యారనీ అన్నారు. ఆయన గుర్తు చేసింది రాజ్‌కుమార్ 'గంధద గుడి' (1973). అందులో హీరో అటవీ అధికారి.

అవార్డులు మాత్రం ఆగలేదు. 2022 అక్టోబరులో ఫిల్మ్‌ఫేర్ సౌత్‌లో ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు వచ్చాయి. 2023 ఆగస్టు 24న 69వ జాతీయ అవార్డులు ప్రకటించారు. అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, దేవిశ్రీప్రసాద్ పాటలకి ఉత్తమ సంగీత దర్శకుడు. జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ఒక తెలుగు నటుడికి రావడం అదే మొదటిసారి. ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ ఎస్వీఆర్‌కీ రానిది! సంతోషించని తెలుగువాళ్ళు తక్కువ. కానీ అదే ఏడాది పోటీలో ఉన్న 'జై భీమ్'కి ఒక్కటి కూడా రాలేదు. లాకప్‌లో చనిపోయిన గిరిజనుడి భార్య న్యాయం కోసం చేసిన పోరాటం అది. మన నాని కూడా పగిలిన గుండె బొమ్మతో ఆ సినిమా పేరు పోస్టు చేశాడు. ఆ జ్యూరీకి అధ్యక్షుడు కేతన్ మెహతా. అధికారిని ఎదిరించిన పల్లె ఆడవాళ్ళ మీద 'మిర్చ్ మసాలా' తీసిన ఆయనే.

న్యాయంగా చెప్పుకోవాలంటే, నేరస్థుడి పాత్రకి అవార్డు రావడం కొత్తేం కాదు. 'గాడ్‌ఫాదర్'కి మార్లన్ బ్రాండోకి 1973లో ఆస్కార్ ఇచ్చారు, ఆయన తీసుకోలేదనుకోండి. మనం 'నాయకుడు'గా చూసిన 'నాయకన్'లో స్మగ్లర్‌గా చేసిన కమల్ హాసన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు నటనకి, నేరానికి కాదు. చిత్తూరు యాసని, ఒక భుజం వంచి నడిచే నడకని అన్ని గంటలు నిలబెట్టడం తేలిక కాదు కూడా. అయితే 'నాయకుడు' చివర్లో మనవడు అడుగుతాడు, నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని. పుష్పరాజ్‌ని ఆ ప్రశ్న గట్టిగా అడిగేవాళ్ళు ఆ సినిమాలో లేరు. నాకున్న అభ్యంతరం అదే.

రెండో భాగం సంగతి ఇంకా చిత్రం. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్‌లో ప్రీమియర్ షో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు చావు అంచుదాకా వెళ్ళాడు. 13న అల్లు అర్జున్‌ని అరెస్టు చేశారు. హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చినా ఆ రాత్రి చంచల్‌గూడ జైల్లోనే. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలోనే ఆయన్ని తప్పుబట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2025 జూన్ 14న, అదే ముఖ్యమంత్రి చేతుల మీదుగా 'పుష్ప 2'కి ఉత్తమ నటుడిగా తెలంగాణ గద్దర్ అవార్డు అందుకున్నాడు. నంది అవార్డులు ఆగిపోయాక ప్రభుత్వం మొదలుపెట్టిన అవార్డులివి. పేదల పాట పాడిన గద్దర్ పేరు పెట్టారు.

ఆ రోజే ఉత్తమ నటి ఎవరో గుర్తుందా? '35 - చిన్న కథ కాదు'కి నివేదా థామస్. శేషాచలం కిందున్న తిరుపతిలోనే నడిచే కథ. పదో తరగతి తప్పిన ఒక ఇల్లాలు, కొడుక్కి లెక్కలు చెప్పడానికి మళ్ళీ పుస్తకం పట్టడం. ఒకే కొండ, రెండు కథలు. రెండిటికీ అవార్డులొచ్చాయి, కానీ మన పిల్లలు అనుకరిస్తున్నది ఒకదాన్నే.

పిల్లల్ని సినిమా చూడొద్దని నేననను. చూడనివ్వండి. చూశాక మాత్రం పక్కన కూర్చుని ఆ చెట్టు ఎక్కడ పెరుగుతుందో, ఆ 20 మంది ఎవరో చెప్పండి. అది ఏ జ్యూరీ చెయ్యదు. మనమే చెయ్యాలి.